పండగ పని

ముప్పై ఆరేళ్ళు బడి పంతులుగా పనిచేశాను. ఏటా కొత్త సంవత్సరం రాగానే ప్రభుత్వం పంపే సెలవుల జాబితాను నోటీసు బోర్డుకు అంటించే పని నాకే అప్పజెప్పేవాళ్ళు. అందులో మార్చి చివరి నుంచి ఏప్రిల్ మూడో వారం దాకా సెలవులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఉగాది, శ్రీరామనవమి, గుడ్ ఫ్రైడే. ఏప్రిల్ 5న బాబూ జగ్జీవన్ రామ్ జయంతి, 14న అంబేద్కర్ జయంతి. తోటి పంతుళ్ళు చుట్టూ చేరి లెక్కలేసుకునేవాళ్ళు. ఏది ఆదివారం పడి దండగైపోయింది, ఏది శనివారం పడి కలిసొచ్చింది అని.

నేను కాగితానికి జిగురు రాస్తా మా నాయన్ని తలుచుకునేవాణ్ణి. ఆయనకు ఈ ఎర్ర తేదీలన్నీ పని రోజులే. ఉత్త రోజుల కంటే పండగ రోజు ఆయనకు ఎక్కువ పని. సెలవు అనే మాట ఆయన నోట నేను ఒక్కసారే విన్నాను. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది ఒంగోలు దగ్గర ఒక ఊరు. ఊరు అనకూడదు, పల్లె అనాలి. మా వైపు పెద్దకులాలు ఉండేది ఊరు, మేం ఉండేది పల్లె. మాది మాదిగపల్లె. ఊరికీ పల్లెకీ నడుమ ఒక డొంక. నల్లరేగడి భూములన్నీ ఊరివి, ఆ భూముల్లో నడుములన్నీ పల్లెవి.

మా నాయన ఒక కామందు దగ్గర పాలేరు. మా ఊళ్ళో పాలేరు జీతం ఉగాది నుంచి ఉగాదికి. అందరికీ ఉగాదంటే కొత్త సంవత్సరం. మాకు లెక్క చూసే రోజు. పొద్దున్నే పాలేళ్ళందరూ తలకు నీళ్ళు పోసుకొని కామందు వాకిట్లో వరసగా నిలబడాలి. అరుగు మీద అయ్యవారు పంచాంగం చదివేవాడు. ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత. ఒక్కొక్క రాశికీ విడివిడిగా చెప్పేవాడు. మా నాయనకు రాశి లేదు. ఆయన ఆదాయ వ్యయాలు అయ్యవారి పక్కన కూర్చున్న గుమాస్తా చిట్టాలో ఉండేవి.

ఏడాదికి పది బస్తాల జొన్నలు, రెండు జతల బట్టలు, ఒక దుప్పటి. ఇదీ జీతం. మా పెద్దక్క పెళ్ళికి తెచ్చిన అప్పు కింద అందులో మూడు బస్తాలు పోయేవి. ఉగాదికి ఉగాదికి అప్పు తరగాలి గదా. తరిగేది కాదు. పండక్కని, పురుడుకని, జబ్బుకని తెచ్చినవి మళ్ళీ కలిసేవి. వెట్టిచాకిరిని రద్దు చేస్తా 1975 అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చింది, 1976లో అది చట్టమైంది. మా ఊళ్ళో దాని గురించి ఎవరైనా మాట్లాడితే, 'అది వెట్టోళ్ళకురా, మీరు జీతగాళ్ళు గదా' అని నవ్వేవాళ్ళు.

లెక్క అయిపోయాక కామందు భార్య ఉగాది పచ్చడి తెప్పించేది. బాదం ఆకుల్లో వేసి, పైనుంచి చేతిలో పడేసేవాళ్ళు. ఆ పచ్చడిలో వేపపువ్వు తెల్లారకముందే మా పల్లె పిల్లకాయలం చెట్లెక్కి దులిపిచ్చిందే. పువ్వు ముట్టుకుంటే మైల లేదు, ఆకు ముట్టుకుంటే ఉంది. చిన్నప్పుడు ఇదంతా నాకు వింతగా కూడా తోచలేదు. అది అట్లాగే ఉంటుందనుకున్నాను.

ఉగాది తర్వాత తొమ్మిదో నాడు శ్రీరామనవమి. రామాలయం ముందు తాటాకు పందిరి వెయ్యాలి. చెట్లెక్కి మట్టలు కొట్టేదీ, మోసుకొచ్చేదీ, గుంటలు తవ్వి రాటలు పాతేదీ మా వాళ్ళే. పందిరి పైకప్పు పూర్తయిందాకా మా నాయన దాని కింద తిరిగేవాడు. పసుపునీళ్ళు చల్లిన తర్వాత ఇక లోపలికి పోకూడదు. తను వేసిన పందిరికి తనే ఎండలో ఎడంగా నిలబడి దప్పు వాయించాలి. కళ్యాణం అయినంతసేపూ వాయించాలి. గడ్డి మంట వేసి దప్పు కాక పెట్టుకోవడం, వాయించడం, మెత్తబడితే మళ్ళీ కాక పెట్టుకోవడం. పైన ఏప్రిల్ ఎండ, పక్కన మంట. సాయంత్రానికి ఆయన చేతివేళ్ళు ముడుచుకొనేవి కావు. అమ్మ ఆముదం రాసి ఒక్కొక్క వేలూ వంచేది.

ఆ రోజు పానకం పంచేవాళ్ళు. బెల్లం, మిరియాలు, యాలకులు వేసిన చల్లటి పానకం. ఊరి పిల్లలకు గ్లాసులు. మాకు డొంక మొదట్లో నిలబెట్టి, దోసిళ్ళు పట్టమని చెంబుతో పైనుంచి పోసేవాళ్ళు. సగం దోసిట్లో, సగం నేలపాలు. మోచేతుల మీదుగా కారేదాన్ని నాక్కునేవాళ్ళం. అంత తీపి వస్తువు ఏడాదికి ఒక్కసారే మాకు దొరికేది గాబట్టి సిగ్గు కూడా తెలిసేది కాదు. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

చాలా ఏళ్ళ తర్వాత ఒంగోలులో హాస్టల్లో ఉండగా బాబాసాహెబ్ జీవితం చదివాను. నాసిక్‌లో కాలారామ్ గుడి ప్రవేశం కోసం 1930 మార్చి 2న ఆయన సత్యాగ్రహం మొదలుపెట్టాడు. ఆ ఏడు శ్రీరామనవమి నాడు రథాన్ని అందరూ కలిసి లాగాలని ఒప్పందం. తీరా ఆ వేళకు సవర్ణులు మాట తప్పి రథాన్ని వేరే దారిన లాక్కుపోయారు. అడ్డం పోయిన మనవాళ్ళ మీద రాళ్ళు పడ్డాయి. ఆ పేజీ చదివి పుస్తకం మూసేశాను. మా ఊరి పందిరి, మా నాయన ముడుచుకోని వేళ్ళు కళ్ళ ముందు కనపడ్డాయి. ఇది మా ఊరి జబ్బు ఒక్కటే కాదని, దీనికి చరిత్ర ఉందని నాకు తెలిసింది ఆ రాత్రే. ఆ సత్యాగ్రహం 1935 దాకా సాగింది. ఆ సంవత్సరమే ఆయన యేవలాలో హిందువుగా పుట్టాను గాని హిందువుగా చావనని చెప్పాడు.

హిందువు అనే మాట దగ్గరే మా అమ్మ సంగతి చెప్పాలి.

మేం తరాలుగా బాప్టిస్టులం. మా జిల్లా మాదిగలకు ఇదేం వింత కాదు. 1876-78 నాటి పెద్ద కరువులో ఒంగోలు క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని కంట్రాక్టు తీసుకొని మా వాళ్ళకు పని, తిండి చూపించాడు. ఆ తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. మా ముత్తాతలు ఆ రోజుల్లోనే మునిగారని అమ్మ చెప్పేది. అన్నం కోసం మునిగారని ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. అన్నం పెట్టని దేవుణ్ణి వదిలి అన్నం పెట్టిన దేవుణ్ణి పట్టుకోవడంలో తప్పేముందో నాకు అర్థం కాదు.

గుడ్ ఫ్రైడేని అమ్మ మంచి శుక్రవారం అనేది. ఆ రోజు పన్నెండింటి నుంచి మూడింటి దాకా పల్లెలోని మా పెంకుటింటి చర్చిలో ఏసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు. అమ్మ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. ఆ రోజు పొలం పనికి పోకపోతే కూలి పోతుంది, మర్నాడు తిట్లు పడతాయి. అయినా పోయేది కాదు. మా ఇంట్లో మొట్టమొదట సెలవు తీసుకున్నది అమ్మే. ఎవరూ ఇవ్వని సెలవు ఆమే తీసుకునేది.

1975లో నేను అయిదో తరగతి పాసయ్యాను. హాస్టల్లో చేర్చాలంటే కులం కాగితం కావాలి. అమ్మ నన్ను వెంటబెట్టుకొని ఒక ఆఫీసుకు పోయింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం అప్పటికి హిందువులు, సిక్కులు మాత్రమే ఎస్సీలు. సిక్కులను 1956లో చేర్చారు, బౌద్ధులను 1990లో చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం పుచ్చుకున్న ఎస్సీలను బీసీ-సి అన్నారు, వాళ్ళకు ఒక్క శాతం. ఇదంతా మా అమ్మకు తెలియదు. ఏం చెప్పాలో మాత్రం పల్లెలో పెద్దలు నేర్పి పంపారు.

బల్ల వెనకాయన అడిగాడు. 'చర్చికి పోతారా?'

'పోం బాబూ.'

'ఇంట్లో ఏసు బొమ్మ ఉందా?'

'లేదు బాబూ.'

'బాప్తిస్మం తీసుకున్నావా?'

'లేదు బాబూ.'

కాగితం చేతికొచ్చింది. హిందూ మాదిగ అని రాసుంది. తిరిగొస్తా కాలువ దగ్గర అమ్మ ఆగింది. నోట్లో నీళ్ళు పోసుకొని పుక్కిలించి ఊసింది. మళ్ళీ పోసుకొని మళ్ళీ ఊసింది. దాహమేమో అనుకున్నాను. పన్నెండేళ్ళ పిలగాణ్ణి, నాకేం తెలుసు.

ఇక 1985 సంగతి. జూలై 17న కారంచేడు. మా జిల్లాలోనే. చెరువులో మంచినీళ్ళ దగ్గర మొదలైన తగాదాకు ఆరుగురు మాదిగల్ని వెంటాడి చంపారు. అప్పుడు నేను ఒంగోలులో డిగ్రీ చదువుతున్నాను. హాస్టలు హాస్టలంతా చీరాల శిబిరానికి పోయాం. అక్కడ కూర్చున్న ఆడవాళ్ళను చూశాను. మా అమ్మ ఈడువాళ్ళు, మా అమ్మ మాటే మాట్లాడేవాళ్ళు. ఆ శిబిరంలోనే మా తరానికి అంబేద్కర్ దొరికాడు. అంతకుముందు ఆయన మాకు స్కాలర్‌షిప్పు ఇచ్చిన మనిషి. ఆ తర్వాత మా మనిషి.

1986లో ఉగాది ఏప్రిల్ రెండో వారంలో వచ్చింది. ఉగాది వెళ్ళిన నాలుగు రోజులకు ఏప్రిల్ 14. అది వెళ్ళిన నాలుగు రోజులకు శ్రీరామనవమి. మా పల్లెలో మొదటిసారి అంబేద్కర్ జయంతి చేద్దామని చదువుకునే పిల్లలం అయిదుగురం అనుకున్నాం. పుణేలో 1928లోనే, ఆయన బతికుండగానే, మనవాళ్ళు ఆ రోజును పండగలాగా జరిపారని చదివి ఉన్నాం. మా పల్లెకు అది చేరడానికి యాభై ఎనిమిదేళ్ళు పట్టింది. క్యాలెండర్లో బొమ్మ కత్తిరించి పటం కట్టించాం. చర్చి ముందు తాటాకు పందిరి వేశాం. మా నాయన రాటలు పాతుతూ, 'ఈ పందిట్లో ఎంతసేపైనా కూకోవచ్చా?' అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు. నేను నవ్వలేకపోయాను.

ఆడవాళ్ళు పానకం చేశారు. మా బావి నీళ్ళు, చందా వేసి కొన్న బెల్లం. అందరికీ గ్లాసులు చాలక ఇళ్ళ నుంచి చెంబులు, ముంతలు తెచ్చుకున్నారు. ఒక ముసలాయన అలవాటు కొద్దీ దోసిలి పట్టి వంగాడు. అమ్మ ఆయన చేతులు కిందికి దించి ముంత చేతికిచ్చింది. 'నిలబడి తాగు మావా' అంది. ఆ సాయంత్రం నాయన దప్పు తీశాడు. పెళ్ళికి గాదు, చావుకు గాదు, ఊరి దేవుడికి గాదు. తన కోసం వాయించాడు. చిన్నప్పటి నుంచి ఆ దప్పు వింటున్నాను గాని అది నాకు అప్పుడే కొత్తగా వినపడింది.

శ్రీరామనవమికి ముందురోజు కామందు నాయన్ని పిలిపించాడు.

'రేపు పొద్దున్నే పదిమందినీ తీసుకొని దప్పులతో రండిరా.'

'ఈ ఏడు రాలేం దొరా.'

'ఏం, చేతులు పడిపోయినయ్యా?'

'చేతులు బాగానే ఉన్నయి. మొన్న మా పండక్కి వాయించుకున్నాం. రేపు మాకు సెలవు.'

ఆ మాట నాయన నోట విన్నది అదే మొదలు, అదే కడ. నేను వాకిలి అవతల నిలబడి విన్నాను. ఆ రాత్రి పల్లెలో ఎవరూ పడుకోలేదు. కారంచేడు జరిగి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఆడవాళ్ళు కారప్పొడి మూటలు కట్టి గడప దగ్గర పెట్టుకున్నారు. తెల్లారింది. ఎవరూ రాలేదు. శ్రీరామనవమి దప్పులు లేకుండానే జరిగింది, బయటినుంచి బ్యాండు మేళం తెచ్చుకున్నారు. పండగ వెళ్ళిన మర్నాడు గుమాస్తా కబురు తెచ్చాడు. జీతం మాన్పించారు, బాకీ మూడు రోజుల్లో కట్టాలి. పాలిచ్చే గేదెను అమ్మి కట్టాం. గేదె పోయినందుకు అమ్మ ఏడ్చింది. నాయన మాత్రం రెండు రోజులు మంచం మీదే పడుకున్నాడు. అలిసిపోయినవాడిలాగా పడుకున్నాడు. ఆయన ముప్పై ఏళ్ళ జీతంలో అన్ని గంటలు నిద్రపోయిన రోజు లేదు.

అమ్మ పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగు పనికి పోవడం మొదలుపెట్టింది. మా వైపు మార్చి, ఏప్రిల్, మే నెలల్లో ఆడవాళ్ళకు అదే పని. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గొంతుక్కూర్చొని ఆకును రంగును బట్టి ఏరాలి. ఘాటుకు తల తిరుగుద్ది, అన్నం సయించదు. చేతులకు నల్లటి జిగురు పట్టి చింతపండు వేసి రుద్దినా పోదు. సాయంత్రం గేటు దగ్గర కొంగు దులిపి చూపించి బయటికి రావాలి. పని చేసిన రోజుకే కూలి. ఏ దేవుడి పండగైనా సరే, పనిలోకి రాకపోతే కూలి లేదు. నా డిగ్రీ, నా బీఈడీ ఆ కూలి మీదే నడిచాయి. 1989లో నాకు ఉద్యోగం వచ్చింది. 1990లో బాబాసాహెబ్‌కు భారతరత్న ఇచ్చారు, పార్లమెంటు సెంట్రల్ హాల్లో ఆయన పటం పెట్టారు. ఢిల్లీ కంటే మనమే నాలుగేళ్ళు ముందు పెట్టామని మా పల్లెలో చెప్పుకొని నవ్వుకున్నాం.

ఇక 1995. ఆ ఏడు ఏప్రిల్ 14వ తేదీ నాడే గుడ్ ఫ్రైడే వచ్చింది.

పల్లెలో కుర్రాళ్ళు మంచి ఊపు మీద ఉన్నారు. 1994 జూలై 7న మా జిల్లా ఈదుమూడిలోనే దండోరా పుట్టింది. ఊరి చాకిరీకి వాడిన దప్పు ఇప్పుడు మా ఉద్యమానికి గుర్తయింది. పొద్దున పదకొండింటికి ఊరేగింపు తీసి, దప్పులతో ఊరి నడిబజారు గుండా పోయి, రోడ్డు మీద సభ పెడదామన్నారు. చర్చి పెద్దలు ఒప్పుకోలేదు. 'ఏసయ్య సచ్చిపోయిన పూట దప్పులేందిరా? ఏడు మాటలు ఎవరికి వినపడతయి?' అన్నారు. కుర్రాళ్ళు నన్ను పిలిపించారు. ఉద్యోగస్తుణ్ణి, చదువుకున్నవాణ్ణి, చెబితే వింటారని.

నేను పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. మతం మత్తుమందు అన్నాను. సిలువ మీది మనిషి రెండు వేల ఏళ్ళ కిందటివాడు, అంబేద్కర్ మన కళ్ళముందటివాడు అన్నాను. మన పిల్లలకు బడి, హాస్టలు, ఉద్యోగం ఎవరిచ్చారో చెప్పమన్నాను. చర్చి పెద్దలు తలొంచుకున్నారు. గెలిచాననుకున్నాను. ఇంటికి పోయేసరికి అమ్మ గడపలో కూర్చోనుంది. ఎవరో ముందే వచ్చి చెప్పినట్టున్నారు.

'అంబేద్కరయ్య నీకు ఉద్యోగం ఇచ్చాడు. కాదన్నానా? ఆయన పటానికి నేను దండ వెయ్యలేదా? ఆ కాగితం రాయించుకోను నిన్ను తీసుకపోయిందెవరు? ఆయప్ప మూడుసార్లు అడిగితే మూడుసార్లు లేదన్నానే. పేతురు గూడా మూడుసార్లే అన్నాడు. కోడి కూసినాక ఏడ్చాడు. నేను ఏడవలా. ఏడిస్తే నీ చదువు పోద్దని ఏడవలా. ఆ తర్వాత నీ స్కాలర్‌షిప్పుకొకసారి, ఉద్యోగానికొకసారి చెప్పా. నీ కోసం నేను ఆయన్ని ఎన్నిసార్లు లేడన్నానో లెక్కబెట్టు. ఏడాదిలో ఈ ఒక్క మూడు గంటలే ఆయన ముందర కూకోని తప్పైపోయిందని చెప్పుకుంటా. అది గూడా దప్పులు పెట్టి చెడగొడతావా?'

కాలువ దగ్గర ఆమె నోరు పుక్కిలించి ఊసింది ఎందుకో అప్పుడు తెలిసింది. ఇరవై ఏళ్ళ తర్వాత. నాకు నోట మాట రాలేదు. ఆ ఉత్తర్వు గురించి సభల్లో ఎన్నోసార్లు మాట్లాడాను. పేరా, సంవత్సరం, సవరణ అన్నీ చెప్పేవాణ్ణి. అది మా అమ్మ నోట్లో ఇరవై ఏళ్ళుగా చేదుగా ఉండిపోయిందని మాత్రం తెలుసుకోలేదు. ఆమె నమ్మకం నాకు లేదు, ఇప్పుడూ లేదు. కానీ నా ఉద్యోగం ఆమె అబద్ధం మీద నిలబడింది. ఆ అబద్ధం ఆడించింది ఆమె కాదు, రాజ్యం.

తగువు తీర్చింది నాయన. బీడీ పారేసి, 'మూడింటి దాకా ఏసయ్యది. మూడు కొట్టినాక అంబేద్కరయ్యది. దప్పు నాది. ఎప్పుడు కాక పెట్టాలో నేను చెబుతా' అన్నాడు.

అట్లాగే జరిగింది. పన్నెండింటికి చర్చిలో ప్రసంగాలు మొదలయ్యాయి. కుర్రాళ్ళు చింతచెట్టు కింద దప్పులు పక్కన పెట్టుకొని కూర్చున్నారు. నేను చాలా ఏళ్ళ తర్వాత చర్చిలోకి పోయి వెనక బల్ల మీద కూర్చున్నాను. నాలుగో మాట వచ్చింది. నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచావన్న మాట. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడైంది. ఆఖరి ప్రార్థన అయింది. బయట గడ్డి మంట లేచింది. నాయన దప్పును మంట మీద తిప్పి, వేలితో కొట్టి చూసి, సరే అన్నట్టు తల ఊపాడు. తెల్లచీరల ఆడవాళ్ళు చర్చిలోనుంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఊరేగింపులో కలిశారు. పొద్దుట్నుంచి నీళ్ళు ముట్టని అమ్మ, పటం ఎత్తుకున్న పిల్లకాయల వెనకాల నడిచింది. ఊరి నడిబజారున పోయాం. అరుగుల మీద నుంచి చూశారు, ఎవరూ నోరెత్తలేదు.

అన్నీ బాగా జరిగాయని రాయలేను. ఆ రోజు మాలపల్లె వాళ్ళు మాతో రాలేదు, వాళ్ళ ఊరేగింపు వాళ్ళు తీసుకున్నారు. తర్వాతి ఏళ్ళలో '5వ తేదీ మీది, 14వ తేదీ మాది' అనే మాట రెండు పల్లెల్లోనూ పుట్టింది. వర్గీకరణ న్యాయమైన కోరికని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. రాష్ట్రాలు వర్గీకరణ చేయవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. వాటా పంచుకోవడం వేరు, మనుషుల్ని పంచుకోవడం వేరు. అంబేద్కర్‌నీ, జగ్జీవన్ రామ్‌నీ, ఏప్రిల్ 11న పుట్టిన ఫూలేనీ తలా ఒక కులానికి అప్పజెబితే, పోయిన ఆస్తి మనదే.

ఆ రెండు రోజులు మళ్ళీ 2006లోనూ, 2017లోనూ కలిశాయి. నాయన 2009లో పోయాడు. 2017 నాటికి నేను హెడ్మాస్టర్ని, పట్నంలో ఇల్లు. ఆ పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకొని, దండ పట్టుకొని, అంబేద్కర్ విగ్రహం దగ్గరికి అందరికంటే ముందు పోయాను. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు మెట్లు కడుగుతున్నారు. మున్సిపాలిటీలో కాంట్రాక్టు మనుషులు. ఒకామె మెడలో నల్లదారానికి చిన్న సిలువ ఉంది.

'ఇవాళ సెలవు గదమ్మా' అన్నాను.

'సెలవు మీకు సార్. మాకు డ్యూటీ ఎక్కువ. తెల్లారుజామున నాలుగింటికొచ్చాం. ఇది మూడో బొమ్మ. పన్నెండుకన్నా చర్చికి పోగలమో లేదో.'

దండ పట్టుకొని అట్లాగే నిలబడ్డాను. మా నాయన పందిరి వేసి ఎడంగా నిలబడిన శ్రీరామనవమి గుర్తొచ్చింది. అది వాళ్ళ పండగ, మనకు సంబంధం లేదని అనుకోవచ్చు. ఇది నా పండగ. నేను దండ వెయ్యడానికి మెట్లు కడుగుతున్నది మా అమ్మలాంటి మనిషి. ఆమెకు ఏసయ్య దగ్గర కూర్చునే మూడు గంటలు కూడా లేకుండా చేశాం. నేను బూట్లు విప్పి, ప్యాంటు పైకి మడిచి, ఇంకో చీపురు అడిగాను. 'వద్దు సార్, మేస్త్రీ చూస్తే మమ్మల్నంటాడు' అందామె. చీపురు ఇవ్వలేదు. బకెట్టు మాత్రం ఇచ్చింది. నీళ్ళు మోశాను. తర్వాత వచ్చిన నాయకులు ఫోటో తీసుకుందాం రమ్మన్నారు. బట్టలు తడిశాయని పోలేదు.

ఆ సాయంత్రం అమ్మకు ఫోనులో చెప్పాను. అంతా విని, 'మరి ఆ పిల్ల చర్చికి పోయిందా లేదా?' అని అడిగింది. అడగడం మర్చిపోయానన్నాను. 'అదే ముందు అడగాల' అంది.

మర్నాటి సంవత్సరం నుంచి మా ఉద్యోగస్తులం పదిహేను మందిమి 13వ తేదీ రాత్రే పోయి విగ్రహం, మెట్లు, చుట్టూ బాట కడుగుతున్నాం. మొదటి ఏడు నలుగురే వచ్చారు. 14న ఆ పారిశుద్ధ్య కార్మికులకు కూలితో కూడిన సెలవు ఇవ్వాలని ఏటా అర్జీ ఇస్తున్నాం. ఇంకా ఇవ్వలేదు. మీరు మీ ఊళ్ళో జయంతి చేసేటప్పుడు మైకు, ఫ్లెక్సీ, ఉపన్యాసకుల సంగతి చూసుకునే ముందు, ఆ రోజు మనలో ఎవరు పనిలో ఉన్నారో ఒకసారి చూడండి.

అమ్మ 2019లో పోయింది. నాయన పక్కనే, మా సమాధుల తోటలో. ఆమె సమాధి మీద సిలువ వేయించాను. నా కాగితంలో ఇప్పటికీ హిందువునే, నేను ఎన్నడూ హిందువుగా బతకలేదు. ఈ సంగతి రాయొద్దని మిత్రులన్నారు. రిటైరయ్యాను, రాస్తున్నాను. మా అమ్మ నా కోసం లేదన్నదాన్ని నేను ఉందని రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

2028లో ఏప్రిల్ 14, గుడ్ ఫ్రైడే మళ్ళీ ఒకే రోజు వస్తాయి. పల్లెలో కుర్రాళ్ళు ఇప్పుడే అడుగుతున్నారు, ఊరేగింపు ఎన్నింటికి సార్ అని. మూడు దాటినాక అని చెప్పాను. నాయన దప్పు మా ఇంట్లో గోడకు ఉంది. తోలు ఎండిపోయింది, కొత్తది వెయ్యాలి.